ఎవరి గూండా?

ఆ మధ్య బంధువుల ఇంట ఒక శుభకార్యానికి చెల్పూరు వెళ్లాను. పరకాల మీదుగా భూపాలపల్లికి పోయే దారిలో ఉన్న ఊరది. దూరం నుంచి వచ్చేవారికి ఊరికన్నా ముందు విద్యుత్ కేంద్రపు పొగగొట్టాలు కనిపిస్తాయి. 2010లో 500 మెగావాట్లతో మొదలై, 2016లో మరో 600 మెగావాట్లు చేర్చుకున్న ఆ కేంద్రానికి కాకతీయుల పేరు పెట్టారు. పక్కనే ఉన్న గణపురంలో కోటగుళ్లు, గణపసముద్రం చెరువు ఉన్నాయి కనుక పేరు అతికినట్టే ఉంది.

భోజనాలకు ఇంకా వేళ కాలేదు. అరుగు మీద ఎనభై దాటిన పెద్దాయన ఒకరు కూర్చున్నారు. పుట్టిన ఊరు జనగామ దిక్కున ఎక్కడో. ఇప్పుడు చెల్పూరులో బిడ్డ ఇంట ఉంటున్నారు. చూపు ఆనదు కనుక మనవడు రోజూ పత్రిక చదివి వినిపిస్తాడట. ఆ రోజు కూడా చదువుతున్నాడు. పీడీ చట్టం కింద ఇద్దరు గూండాలను నిర్బంధించారన్న వార్త వచ్చింది.

"ఎవల గూండాలు బిడ్డా?" అన్నారు పెద్దాయన.

"గూండాలంటే గూండాలే తాతా. ఎవల గూండాలేంది?" అని నవ్వాడు పిల్లవాడు.

"ఒకలు పెంచకుంటె గూండ ఎట్లయితడురా?"

పిల్లవాడు తరువాతి వార్తలోకి వెళ్లిపోయాడు. నేను మాత్రం ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. తాతగారికి 'గూండా' అన్నది షష్ఠీ విభక్తి లేకుండా పూర్తి కాని మాట. కొడుకు అంటే ఎవరి కొడుకు, నౌకరు అంటే ఎవరి నౌకరు అని అడిగినట్టే, గూండా అంటే ఎవరి గూండా అని అడగాలి. మనవడికి అది తనంతట తాను నిలిచే మాట. దొంగ, తాగుబోతు అన్నట్టే గూండా. రెండు తరాల మధ్య ఆ మాట నుంచి ఏదో జారిపోయింది. ఎక్కడ జారిపోయింది, దానివల్ల మనకు వచ్చిన నష్టమేమిటి అన్నదే ఈ టపా.

ముందుగా పుట్టుక సంగతి చూద్దాం. మాటల మీద ఆసక్తి ఉన్న మిత్రులు మొదట అడిగేది అదే కదా.

గూండా మనకు హిందూస్తానీ మాటగా పరిచయం. హిందీలోనూ బెంగాలీలోనూ గుండా అనీ, మరాఠీలో గుండ్ అనీ ఉంది. ఆ భాషలన్నిటిలోనూ మొదటి అచ్చు హ్రస్వమే. తెలుగులో మనం గూండా అని దీర్ఘం తీస్తాము. ఇంగ్లీషు పత్రికలు, చట్టాలు ఆ మాటను రెండు 'ఓ' అక్షరాలతో రాశాయి. మన దీర్ఘం ఆ రాతను చూసి చదవడం వల్ల వచ్చి ఉంటుందని నా అనుమానం. ఉత్తరాది బజారులో పుట్టిన మాట సరాసరి మన నోటికి రాకుండా, పోలీసు స్టేషను మీదుగా, పత్రికా కార్యాలయం మీదుగా వచ్చిందన్నమాట. ఇది ఊహే అయినా, ఈ మాటకు అధికార భాషతో ఉన్న చుట్టరికాన్ని చూస్తే మరీ కొట్టిపారేయదగ్గది కాదని తోస్తుంది.

దీర్ఘం తీసివేస్తే మిగిలే 'గుండ' మన ఇంటి మాటే! మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో గణపతిదేవుని సోదరి మైలాంబ తవ్వించిన చెరువు దగ్గర శాసనం ఉంది. అందులో కాకతీయుల పూర్వీకుల వరుస చెప్పారు. వెన్నభూపుని తరువాత వరుసగా ముగ్గురు గుండలు వస్తారు. శాసన కవి ఆ ముగ్గురినీ ముగ్గురు రాములతో పోల్చాడు. ఆ తరువాత ఎర్ర, అతని కొడుకు పిండి గుండ. క్రీ.శ. 956 నాటి మాగల్లు శాసనంలో కనిపించే కాకర్త్య గుండ్యన కూడా ఈ వంశంవాడే. అంటే చెల్పూరు విద్యుత్ కేంద్రం ఏ వంశం పేరు మోస్తున్నదో ఆ వంశానికి మూలపురుషుల్లో నలుగురు గుండలున్నారు.

రాజులే కాదు. జనగామ జిల్లా పాలకుర్తి మన పాల్కురికి సోమనాథుని ఊరు. ఆయన బసవపురాణంలో కుమ్మర గుండయ్య కథ ఉంది. కుండల మీద తాళం వేస్తూ శివుణ్ణి కొలిచి, ఆ శివుని చేతే ఆడించిన భక్తుడు గుండయ్య. ఇక గుండమ్మ సంగతి చెప్పనే అక్కరలేదు. 1962 నాటి సినిమా పుణ్యమా అని ఆ పేరు తెలియని తెలుగువాడు లేడు. గుండయ్య, గుండన్న, గుండప్ప అని తెలుగు కన్నడ దేశాల్లో ఎన్ని పేర్లో! గుండాల అన్న ఊళ్లు కూడా ఉన్నాయి. ఆ ఊరి బస్సు బోర్డు చూసి పొరుగు రాష్ట్రపు స్నేహితుడు ఒకడు "ఊరికి ఇదేం పేరు?" అని ఉలిక్కిపడితే, అది నీటి గుండానికి సంబంధించిన మాట కావచ్చునని నచ్చజెప్పవలసి వచ్చింది.

అయితే కాకతి గుండ నుంచి బజారు గూండా పుట్టాడా? అలా చెప్పాలని నాలుక పీకుతుంది. గుండు అంటే గట్టిది, గుండ్రనిది, గట్టి దేహం గలవాడు గుండడు, గట్టివాడు మొనగాడయ్యాడు, మొనగాడు చెడి గూండా అయ్యాడు అని నాలుగు మెట్లు కట్టి పైకి ఎక్కించవచ్చు. ఆ దారిన ఆలోచించినవారు ఉన్నారు. సంస్కృతం వైపు చూపించేవారూ ఉన్నారు. కాని రెండు మాటలు ఒకలా వినిపించినంత మాత్రాన అవి చుట్టాలు కావు. మెట్టుమెట్టుకూ ఒక సాక్ష్యం దొరికినప్పుడే అది వ్యుత్పత్తి, లేకుంటే కథ.

కథ అంటే మరొకటి ఉంది. 1910లో బస్తరులో భూమ్‌కాల్ తిరుగుబాటు జరిగింది. దానికి నాయకత్వం వహించినవారిలో ముఖ్యుడు నేతానార్ గ్రామానికి చెందిన గుండాధూర్. తమను గడగడలాడించిన ఆ ఆదివాసీ వీరుని పేరునే ఇంగ్లీషువారు తిట్టుగా మార్చి గూండా అన్నారని ఈ మధ్య చాలామంది చెబుతున్నారు. కథ చాలా అందంగా ఉంది. దొరలు వీరుణ్ణి దుష్టుణ్ణి చేశారు అన్నంత వరకు అందులో చరిత్ర స్వభావం గురించిన ఒక నిజం కూడా ఉంది. కాని ఒక లెక్క చూడండి. 1923లోనే కలకత్తా నగరంలో ఈ మాట పేరు మీద ఏకంగా ఒక చట్టం వచ్చింది. బస్తరు అడవిలో ఒక మనిషి పేరు పదమూడేళ్లలో కలకత్తా వీధులకు చేరి, అక్కడి జనమంతా వాడే మాటగా మారి, చట్టసభకెక్కి కూర్చోవడం నమ్మశక్యంగా లేదు. గుండాధూర్ గొప్పతనానికి ఈ వ్యుత్పత్తి అవసరమూ లేదు.

మొనగాడు అన్న అర్థం మాత్రం ఊహ కాదు. జయశంకర్ ప్రసాద్ హిందీలో 'గుండా' అనే కథ రాశారు. 1781లో కాశీరాజు చేత్‌సింగ్‌కూ వారెన్ హేస్టింగ్స్‌కూ మధ్య వచ్చిన గొడవ దానికి నేపథ్యం. అందులో గుండా అనిపించుకున్న నన్హకూసింగ్ మాట కోసం ప్రాణమిచ్చే మనిషి. ఆ కథలో ఆ మాట సగం తిట్టు, సగం బిరుదు. మన సినిమాలూ ఇంతే కదా! 1984లో 'గూండా', 1991లో 'రౌడీ అల్లుడు', 1993లో 'ముఠా మేస్త్రి' అన్న పేర్లు పెట్టుకుని వచ్చిన సినిమాల్లో కథానాయకుడు ఒక్కరే, చిరంజీవి. తెర మీద ఈలలు వేయించే మాట, తెర దిగి స్టేషనులో కాగితం మీదికి వెళ్లేసరికి మనిషిని ఏడాది పాటు లోపల పెట్టగల మాట అవుతుంది.

ఈ కోవకు చెందిన మిగతా మాటలు కూడా ఒకసారి చూస్తే మంచిది. రౌడీ అమెరికా ఇంగ్లీషు నుంచి వచ్చింది. పందొమ్మిదో శతాబ్ది తొలినాళ్లలో అక్కడి అడవి సరిహద్దుల్లో మోటుగా బతికేవారిని అలా అన్నారు. మన దగ్గర దానికి 'షీటు' తోడై, పోలీసుల దస్త్రాల్లో స్థిరపడింది. కేడీ అయితే మాటే కాదు, రెండు అక్షరాల సంక్షేపం. 'నోన్ డిప్రెడేటర్', అంటే పేరుపడ్డ దోపిడీదారు అన్న పోలీసు పరిభాషకు పొడి అక్షరాలవి. ఊళ్లలో కేడీగాడు అని తిట్టుకునేవారికి తాము ఒక రిజిస్టరు శీర్షికను ఉచ్చరిస్తున్నామన్న సంగతి తెలియదు. ముఠా కథ వేరు. గోదావరి మన్యంలో కొన్ని ఊళ్ల సముదాయం ముఠా, దాని అధికారి ముఠాదారు. రేవుల్లో, గోదాముల్లో బరువులు మోసే కూలీల జట్టు కూడా ముఠాయే. కష్టం చేసుకు బతికేవారి జట్టుకూ, కష్టపెట్టి బతికేవారి జట్టుకూ ఒకే పేరు! ముఠా అన్నప్పుడు ఎవరి ముఠా, ఏ పని ముఠా అని అడిగితే తప్ప అర్థం తేలదు.

ఇంగ్లీషులో 'గూన్' అన్న మాట ఉంది. అది మన గూండాకు తమ్ముడని అనుకునేవారు చాలామంది. నిజానికి దాని వంశం వేరు. మొద్దు మనిషి అన్న అర్థం గల పాత మాట ఒకటి అమెరికాలో ఉండేది. 1930లలో పొపాయ్ బొమ్మల కథల్లో గూన్ అనే వింత జీవి ప్రవేశించి ఆ మాటను ఇంటింటికీ చేర్చింది. ఆ దశాబ్దంలోనే సమ్మె చేసే కార్మికులను కొట్టడానికి కిరాయికి తెచ్చిన మనుషుల జట్లను గూన్ దళాలు అన్నారు. వంశం వేరైనా రెండు మాటలూ చివరికి ఒకే చోటికి చేరాయి. అక్కడా ఇక్కడా ఆ మనిషి తన కోపంతో తాను కొట్టడు. అతని వెనుక డబ్బు ఇచ్చినవాడు ఉంటాడు. చెల్పూరు తాతగారి ప్రశ్న అమెరికా కార్మికుడికి వెంటనే అర్థమయ్యేది.

ఇక తాతగారి ఊరి దిక్కుకు వెళదాం. జనగామ ప్రాంతంలో ఈ మాట ఎలా బతికిందో చూస్తే ఆయన ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది.

పాలకుర్తికి దగ్గరలోనే విసునూరు. అక్కడి దేశ్‌ముఖ్ రాపాక వెంకట రామచంద్రారెడ్డి చేతి కింద నలభై వేల ఎకరాల భూమి ఉండేదని పుచ్చలపల్లి సుందరయ్య గారు తెలంగాణ పోరాట చరిత్రలో రాశారు. అంత భూమిని ఒక మనిషి కాగితాలతో నిలబెట్టుకోలేడు. వెట్టి చేయించాలి, పంట కోయించాలి, ఎదురు తిరిగినవాణ్ణి కట్టి కొట్టాలి. అందుకు మనుషులు కావాలి. ఆ మనుషులే జనం నోట దొర గూండాలు, దేశ్‌ముఖు గూండాలు. ఈ పోరాటం గురించి రాసిన పుస్తకాలు, చెప్పుకున్న జ్ఞాపకాలు ఏవి తీసినా గూండాలు అన్న మాటకు ముందు ఒక యజమాని పేరు తప్పకుండా ఉంటుంది. గూండాల సొంత పేర్లు మనకు అంతగా గుర్తుండవు. దొర పేరు మాత్రం గుర్తుంటుంది. ఆ వ్యాకరణంలోనే ప్రజల తీర్పు ఉంది.

పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ కౌలుకు తీసుకున్న నాలుగెకరాల పంట మీద ఆ దొర కన్నుపడింది. చేను కోసుకుపోవడానికి గూండాలను పంపాడు. ఆంధ్ర మహాసభ సంఘం కార్యకర్తలు కర్రలు పట్టుకుని అడ్డం నిలిచారు, వచ్చినవారు పారిపోయారు, ధాన్యం ఐలమ్మ ఇంటికి చేరింది. తరువాత ఏమైంది? కేసులు పంట దోచుకోవడానికి వచ్చినవారి మీద కాక, అడ్డుకున్న సంఘ నాయకుల మీద పెట్టారు. అంటే జనం లెక్కలో గూండా ఒకడు, సర్కారు లెక్కలో నేరస్థుడు మరొకడు. ఒకే ఊళ్లో, ఒకే పొలం గట్టు మీద, ఒకే రోజు.

1946 జూలై 4న దేవరుప్పుల దగ్గరి కడవెండిలో సంఘం వారు ఊరేగింపుగా వెళుతుంటే దేశ్‌ముఖు గడీ దగ్గర కాచుకుని ఉన్న గూండాలు తుపాకులు పేల్చారు. ముందు వరుసలో ఉన్న దొడ్డి కొమరయ్య చనిపోయాడు. అతని అన్న మల్లయ్య గాయపడ్డాడు. అక్కడి నుంచి తెలంగాణ పోరాటం మరో మలుపు తిరిగిందని చరిత్రకారులంతా అంటారు. తుపాకీ పేల్చిన చెయ్యి ఎవరిదన్న దానికన్నా, ఆ తుపాకీ ఎవరిదన్న దాని మీదనే ఊరు లేచింది. గూండా మీద కోపం గడీ మీదికి వెళ్లింది. ఎవరి గూండా అన్న ప్రశ్నకు జవాబు ఊరందరికీ తెలుసు కనుకనే అలా వెళ్లింది.

ఇక్కడ నన్ను చాలాసేపు ఆలోచనలో పెట్టిన సంగతి ఒకటి చెప్పాలి. గుండయ్య భక్తిని గానం చేసిన కవి ఊరు పాలకుర్తే. గూండాలను తరిమిన ఐలమ్మ ఊరూ పాలకుర్తే. మధ్యలో సుమారు ఏడు వందల ఏళ్లు. రెండు మాటలకూ చుట్టరికం ఉన్నా లేకున్నా, ఒక ఊరి మనిషికి గుండ అన్న శబ్దం ఒకప్పుడు తమ కుమ్మరి భక్తుణ్ణి గుర్తుచేసేది. తరువాత దొర మనిషిని గుర్తుచేసింది. శబ్దానికి సొంత గుణం లేదు. దాన్ని ఎవరికి తగిలిస్తారో వారి గుణమే దానికి అంటుకుంటుంది.

అదే 1946లో గోదావరి అవతలి ఒడ్డున ఇదే మాటకు మరో అర్థం రాస్తున్నారు. కాళేశ్వరానికి ఎదురుగా ఉన్న సిరోంచ అప్పట్లో సెంట్రల్ ప్రావిన్సెస్, బేరార్ రాష్ట్రంలోనిది. ఆ రాష్ట్రం ఆ ఏడాది గూండాల చట్టం చేసింది. అందులో గూండా అంటే అల్లరిమూక మనిషి, మోటువాడు, దిమ్మరి అని నిర్వచించి, ప్రజాశాంతికి ప్రమాదకరమైన వాణ్ణి కూడా అందులో చేర్చారు. అలాంటివాణ్ణి జిల్లా నుంచి వెళ్లగొట్టవచ్చు. అంతకు ముందు 1923 నాటి బెంగాల్ చట్టం ఉద్దేశమూ ఇదే. నగరానికి అక్కరలేని మనిషిని బయటికి పంపివేయడం.

నది ఇవతల జనం వాడుకలో గూండా అంటే యజమాని ఉన్నవాడు. నది అవతల చట్టం భాషలో గూండా అంటే దిమ్మరి. యజమాని లేనివాడు, ఇల్లూ వాకిలీ చెప్పుకోలేనివాడు. ఒకే సంవత్సరంలో, ఒకే నదికి రెండు ఒడ్డుల మీద, ఒకే మాటకు సరిగ్గా ఎదురెదురు అర్థాలు! ఇవతల ఆ మాట వేలు పెట్టి పైవాణ్ణి చూపిస్తుంది. అవతల అదే మాట వేలు పెట్టి కిందివాణ్ణి చూపిస్తుంది.

ఆ చట్టానికి 1960లో సుప్రీంకోర్టు చుక్కెదురు తీర్పు ఇచ్చింది. ఎవడు గూండా అని తేల్చడానికి చట్టంలో స్పష్టమైన కొలత లేదనీ, తాను గూండాను కానని చెప్పుకోవడానికి మనిషికి తగిన అవకాశం లేదనీ, అందువల్ల అది రాజ్యాంగానికి విరుద్ధమనీ చెప్పి కొట్టివేసింది. నిఘంటువుకు సంబంధించిన లోపమే చట్టానికి ప్రాణాంతకమైన అరుదైన సందర్భమిది. అర్థం తేలని మాట కవిత్వంలో అందం కావచ్చు. వారెంటులో మాత్రం ప్రమాదం.

ఆ తరువాతి చట్టాలు పాఠం నేర్చుకున్నాయి. 1970లో ఉత్తరప్రదేశ్, 1982లో తమిళనాడు, 1985లో కర్ణాటక, 1986లో మన ఆంధ్రప్రదేశ్ ఇలాంటి చట్టాలు చేశాయి. మన చట్టం పేరు చదవడానికే ఊపిరి చాలదు. దొంగసారా వ్యాపారులు, బందిపోట్లు, మాదకద్రవ్యాల నేరస్థులు, గూండాలు, వ్యభిచార వ్యాపార నేరస్థులు, భూకబ్జాదారులు అని ఆరు రకాలవారి పేర్లు వరుసగా వస్తాయి. జనం దాన్ని పీడీ యాక్ట్ అని ముద్దుగా కుదించారు. తెలంగాణ ఏర్పడ్డాక అదే చట్టం కొనసాగి, 2018 సవరణతో నకిలీ విత్తనాల నేరస్థుడి నుంచి సైబరు నేరస్థుడి దాకా మరెందరో ఆ పేరులో చేరారు.

ఈ చట్టంలో గూండా అంటే, తనంతట తానుగాని, ముఠా సభ్యుడిగా లేదా నాయకుడిగాగాని, భారత శిక్షాస్మృతిలోని 16, 17, 22 అధ్యాయాల కింది నేరాలు అలవాటుగా చేసేవాడు, చేయబోయేవాడు, చేయడానికి తోడ్పడేవాడు. అంటే మనిషి శరీరం మీద, ఆస్తి మీద జరిగే నేరాలు, బెదిరింపులు. ఆ స్మృతి స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. చట్టం ఊహించుకున్న గూండా స్వరూపం మాత్రం అదే. 1946 నాటి దిమ్మరి కన్నా ఇది ఎంతో మెరుగైన నిర్వచనం. పుట్టుకనూ వేషాన్నీ వదిలి పనిని చూస్తుంది. తోడ్పడేవాడు అన్న మాటతో వెనుక ఉన్నవాణ్ణి కూడా పట్టుకునే వీలు కాగితం మీద ఉంది. అది ఒప్పుకోవాలి.

కాని 'తనంతట తానుగాని' అన్న మొదటి మాట చూడండి. చెల్పూరు తాతగారు ఒప్పుకోనిది సరిగ్గా ఆ మాటనే. పైగా తోడ్పడినవాడు కూడా అలవాటుగా తోడ్పడాలి. కిరాయి ఇచ్చేవాడు తన చెయ్యి కనపడనివ్వడు. ఒకసారి ఒకణ్ణి, మరొకసారి మరొకణ్ణి పెట్టుకుంటాడు. అలవాటు రుజువయ్యేది ఎప్పుడూ కొట్టినవాడి పేరు మీదనే. షీటులో పేరు ఎక్కేదీ వాడిదే. చివరికి చట్టం వలలో పడేది విభక్తి తెగిన గూండా ఒక్కడే.

ఆ వల చిన్నది కాదు. విచారణ లేకుండా పన్నెండు నెలల వరకు నిర్బంధించవచ్చు. 2023 సెప్టెంబరులో తెలంగాణకు చెందిన ఒక గూండా నిర్బంధాన్ని సుప్రీంకోర్టు రద్దు చేస్తూ, ఈ చట్టాన్ని ఇష్టానుసారం వాడే ధోరణి మీద తీవ్రంగా ఆక్షేపించింది. మామూలు నేరాలకు మామూలు చట్టాలున్నాయి. సమాజ జీవనాన్ని మొత్తంగా కల్లోలపరిచే ప్రమాదం ఉన్నప్పుడే ఈ అసాధారణమైన ఆయుధం ఎత్తాలి అన్నది ఆ తీర్పు సారాంశం. ఒక మనిషి మీద గూండా అన్న మాట పడినంతనే మనలో ప్రశ్నలు ఆగిపోతాయి. ఏం చేశాడు, ఎవరు చూశారు, ఎవరు చేయించారు అని ఎవరమూ అడగము. మాట జవాబు అయిపోయింది కనుక ప్రశ్నకు చోటు లేదు.

ఈ మాటలు చదివి, "వీధిలో దుకాణం పెట్టుకుని వారం వారం మామూలు కట్టేవాణ్ణి అడగండి, గూండా అంటే ఏమిటో చెబుతాడు, మీ విభక్తులు అతనికెందుకు?" అని ఒక మిత్రుడు నన్ను నిలదీయవచ్చు. న్యాయమైన మాట. దెబ్బ తిన్నవాడికి కొట్టినవాడే కళ్ల ముందు ఉంటాడు. కిరాయి మనిషి అయినంత మాత్రాన గూండా అమాయకుడు కాడు. కడవెండిలో తుపాకీ పేల్చినవాడికి దొర ఉన్నాడని చెప్పి, కొమరయ్య చావులో వాడి వంతు తగ్గించలేము. యజమాని అంటూ ఎవరూ లేకుండా తానే ఒక సామ్రాజ్యం కట్టుకున్నవారు కూడా ఉన్నారు. అదంతా ఒప్పుకుంటాను.

అయినా ఆ దుకాణదారునే మరికాస్త దగ్గర కూర్చోబెట్టుకుని అడిగి చూడండి. "ఫిర్యాదు ఎందుకు చేయవు?" అంటే అతను చెప్పే జవాబు, "వాడు ఫలానావారి మనిషి" అని. దుకాణదారు భయపడేది ఎదుట నిలిచిన కండలకు కాదు, ఆ కండల వెనుక ఉన్న 'ఫలానావారి'కి. పత్రికలో 'గూండాల అరెస్టు' అని వచ్చిన మరునాడు కూడా అతని భయం తీరదు. ఎందుకంటే ఫలానావారు అరెస్టు కాలేదు. మనిషి మారతాడు, మామూలు మారదు. దెబ్బ తిన్నవాడికే విభక్తి విలువ అందరికన్నా బాగా తెలుసు. మరచిపోయింది పత్రిక చదివే మనం.

ఇప్పుడు పత్రికల్లో మరో మాట వచ్చి చేరింది, మాఫియా అని. సిసిలీ ద్వీపపు మాట. 1863లో అక్కడి చెరసాల ఖైదీల మీద రాసిన ఒక నాటకం వల్ల బాగా ప్రచారంలోకి వచ్చింది. మన దగ్గర ఇసుకకు, భూమికి, విత్తనానికి, బియ్యానికి, దేనికి పడితే దానికి మాఫియాను అతికిస్తున్నాము. గూండా అన్నప్పుడు కనీసం ఒక మనిషి కనిపించేవాడు. మాఫియా అన్నప్పుడు మనిషి కూడా మాయమై, తుఫాను లాంటిది ఏదో వచ్చి ఇసుక ఎత్తుకుపోయినట్టు వినిపిస్తుంది. 'ఇసుక మాఫియా' అన్నది సమాసమే. కాని అందులోని మొదటి పదం దోచిన వస్తువును చెబుతుంది తప్ప దోచినవాణ్ణి చెప్పదు. దొర గూండా అన్న పాత సమాసంతో పోల్చి చూసుకుంటే మనం ఎంత వెనక్కి వచ్చామో తెలుస్తుంది.

కనుక నా విన్నపం చాలా చిన్నది. గూండా అన్న మాటను నిషేధించాలని అనను. అది మన చరిత్రలో పేదవాడు బలవంతుడికి పెట్టగలిగిన కొద్ది పేర్లలో ఒకటి, దాన్ని పోగొట్టుకోకూడదు. కాని రాసేటప్పుడు, పలికేటప్పుడు రెండు సంగతులు గుర్తు పెట్టుకుందాం. ఒకటి, రుజువు కాకముందు అది మనిషి పేరు కాదు, ఆరోపణ. కొట్టాడు, బెదిరించాడు, లాక్కున్నాడు అని క్రియలతో రాస్తే సరిపోయే చోట గూండా అన్న నామవాచకం అక్కరలేదు. రెండు, ఆ నామవాచకం నిజంగా వాడవలసి వచ్చినచోట దాని విభక్తిని వెతకాలి. తెలిస్తే రాయాలి, తెలియకపోతే ఇంకా తెలియలేదని ఒక వాక్యం రాయాలి. ఆ ఖాళీ పాఠకుడికి కనిపించాలి.

ఆ రోజు భోజనాలయ్యాక తాతగారి పక్కన మళ్లీ కూర్చున్నాను. "మీరు గూండాలను చూశారా?" అని అడిగాను.

"నేను చిన్నపోరన్ని. మా నాయిన చెప్తుంటె ఇన్న," అన్నారు. కాసేపు ఆగి, "వాళ్లు కూడ మా అసొంటోళ్లేనట. ఒగడైతె మాకు వరుసకు చిన్నాయినేనట. గడీకి పోయిండు, గూండయిండు. దొర పట్నం పోయినంక ఊర్లె మొకం సూపియ్యలేక యాడికో పోయిండు," అన్నారు.

గూండాకు యజమాని మాత్రమే కాదు, అమ్మా నాన్నా, వరుస కలిపి పిలిచేవారూ ఉంటారన్న సంగతి ఆ మాటతో తట్టింది. చట్టంలో రెండింటికీ చోటు లేదు. పాత మాటలో మాత్రం రెండింటికీ ఉండేది.

మీ ఊళ్లలో ఈ మాటను ఎలా వాడతారు, దీనికి బదులు ఇంకేమైనా మాట ఉందా? రాయలసీమ, ఉత్తరాంధ్ర మిత్రులు చెబితే ప్రత్యేకంగా సంతోషిస్తాను.